బండి గుద్దిన కుక్కకు ఛాతీ ఆపరేషన్ వెంటనే చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నాలుగేళ్ల కుక్క, 16 కిలోల బరువు, నిన్న సాయంత్రం బండి గుద్దింది. మూడు పక్కటెముకలు విరిగాయని, ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరిందని, ఊపిరితిత్తుల్లో తెల్లటి మచ్చలు ఉన్నాయని ఎక్స్‌రే చూసి చెప్పారు. సూదితో రెండుసార్లు గాలి తీసి ఆక్సిజన్‌లో ఉంచారు. ‘ఇప్పుడు ఆపరేషన్ వద్దు, చూద్దాం’ అన్నారు. అది మీకు చేతులు కట్టుకుని కూర్చోవడంలా అనిపిస్తోంది. వెంటనే వేరే చోటికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలా, విరిగిన ఎముకలకు కనీసం కట్టయినా ఎందుకు కట్టలేదు అని అడుగుతున్నారు.

ఈ రోజు ఆపరేషన్ వద్దు. ప్రయాణం అసలే వద్దు. మీ వైద్యులు చెప్పింది సరిగ్గానే ఉంది. ఇరవై ఏళ్లకు పైగా కుక్కలకు ఛాతీ ఆపరేషన్లు చేస్తున్న మనిషిగా చెబుతున్నాను, బండి గుద్ది ఛాతీ దెబ్బతిన్న కుక్కల్లో చాలావాటికి ఛాతీ తెరవాల్సిన పనే రాదు. తెరవాల్సిన సందర్భాలు కచ్చితంగా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి గంటల్లోనే తెరవాలి కూడా. మీ కుక్క ఇప్పటికి ఆ జాబితాలో లేదు. నేను ఎక్స్‌రే చూడలేదు, కుక్కను చూడలేదు, కాబట్టి నా మాటకన్నా దాన్ని చూస్తున్న వైద్యుల మాటకే బరువు ఎక్కువ ఇవ్వండి.

ముందు ఆ తెల్లటి మచ్చల సంగతి. దెబ్బ తగిలిన చోట చర్మం కమిలినట్టే ఊపిరితిత్తి కూడా కములుతుంది. సన్నని రక్తనాళాలు చిట్లి, గాలి ఉండాల్సిన చోట రక్తం, నీరు చేరతాయి. ఛాతీ గాయాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి కోసి తీయాల్సిందేమీ ఉండదు, కుట్టాల్సిందేమీ ఉండదు. ఇందులో చాలామందిని కంగారు పెట్టే విషయం ఒకటుంది: మొదటి 24 నుంచి 48 గంటల్లో పరిస్థితి మెరుగుపడదు, తరచుగా ఇంకా దిగజారుతుంది. ప్రమాదం జరిగిన గంటలోపే తీసిన ఎక్స్‌రే చాలా శుభ్రంగా కనిపించవచ్చు, మచ్చలు కొన్ని గంటల తర్వాత గానీ బయటపడవు. ‘నిన్న బాగానే ఉంది, ఆస్పత్రిలో పెట్టాక పాడైంది’ అని యజమానులు అనేది అందుకే. ఎవరూ పాడు చేయలేదు, కమిలిన ఊపిరితిత్తి నడిచే దారే అది. ఆ రెండు రోజులు గడిస్తే సాధారణంగా మూడు నుంచి పది రోజుల్లో తేటపడుతుంది.

అలాంటి ఊపిరితిత్తి ఉన్న కుక్కకు మత్తు ఇచ్చి, యంత్రంతో గాలి కొట్టి, ఛాతీ తెరిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఉన్న కాస్త ఊపిరిని కూడా మనమే లాగేసుకుంటున్నాం. సెలైన్ ఎక్కువగా ఎక్కించడం కూడా ఇలాంటి ప్రమాదమే. షాక్‌లో ఉన్న కుక్కకు ద్రవం కావాలి, కానీ కొద్దికొద్దిగా ఇచ్చి, ప్రతిసారీ చూసుకుంటూ ఇవ్వాలి. స్టిరాయిడ్లు, నీరు పోయించే మందులు కమిలిన ఊపిరితిత్తిని బాగుచేయవు. అవి ఇవ్వలేదని బాధపడకండి.

గాలి విషయానికి వస్తే, బయటి నుంచి ఛాతీలోకి రంధ్రం లేనప్పుడు ఆ గాలి చిట్లిన ఊపిరితిత్తి నుంచే వచ్చి ఉంటుంది. దెబ్బ పడిన క్షణంలో కుక్క గొంతు బిగబట్టి ఉంటే లోపలి ఒత్తిడికి ఊపిరితిత్తి ఎక్కడో చిట్లుతుంది, లేదా విరిగిన ఎముక మొన గుచ్చుకుంటుంది. ఆ చిల్లు చాలాసార్లు దానంతట అదే మూసుకుపోతుంది. అది మూసుకునేదాకా పేరుకున్న గాలిని మనం తీస్తూ ఉండాలి, అంతే. సూదిని మామూలుగా ఏడో పక్కటెముకకూ తొమ్మిదో పక్కటెముకకూ మధ్య, ఎముక ముందు అంచును ఆనుకుని దించుతాం. రక్తనాళాలు, నరం వెనక అంచు వెంబడి నడుస్తాయి కాబట్టి అటు పోకూడదు. కుక్కల్లో రెండు వైపుల మధ్య ఉండే పొర చాలా పలచన, అందుకే ఒక వైపు దెబ్బ తగిలినా రెండు వైపులా గాలి చేరుతుంటుంది. రెండు వైపులా సూది గుచ్చారని ఆశ్చర్యపోకండి.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఎక్స్‌రేకన్నా ఎన్నిసార్లు, ఎంతెంత గాలి వస్తోందన్న లెక్క. మొదటిసారి 600 మిల్లీలీటర్లు, ఆరు గంటల తర్వాత 150, ఆ పైన ఏమీ లేదు అంటే చిల్లు మూసుకుంటున్నట్టు. ఒక రోజులో రెండు మూడుసార్లకు మించి తీయాల్సి వస్తుంటే పదే పదే గుచ్చడం మాని, ఛాతీలో గొట్టం అమర్చడం మేలు. గొట్టం పెట్టాక కూడా మూడు నుంచి ఐదు రోజులు గాలి ఆగకుండా వస్తుంటే అప్పుడు ఆపరేషన్ మాట ఎత్తుతాం. ఇంకో రకం ఉంది, గాలి లోపలికి పోతుంది గానీ బయటికి రాదు, ప్రతి ఊపిరికీ ఒత్తిడి పెరుగుతుంది, ఛాతీ పీపాలా ఉబ్బుతుంది, నిమిషాల్లో ప్రాణం పోతుంది. అప్పుడు ఎక్స్‌రేకు తీసుకెళ్లడం కూడా తప్పే, ముందు సూది దించాలి.

చెప్పుకోవడానికి ఇష్టం లేని సంగతి ఒకటి చెబుతాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో సరిగ్గా మీ కుక్కలాంటి కుక్కకే రెండో రోజున ఛాతీ తెరిచాను. యజమాని తొందర కొంత, నా ఉత్సాహం ఎక్కువ. లోపల గోరువెచ్చని సెలైన్ నింపి, ఊపిరితిత్తులకు గాలి కొట్టి, బుడగలు ఎక్కడ వస్తాయా అని చూశాను. ఎక్కడా రాలేదు. చిల్లు అప్పటికే మూసుకుపోయింది. కమిలిన ఊపిరితిత్తితో ఆ కుక్క బల్ల మీద రెండుసార్లు నన్ను భయపెట్టింది. బతికింది, కానీ అందులో నా గొప్పతనమేమీ లేదు.

పక్కటెముకలకు కట్టు ఎందుకు కట్టలేదంటారా? కట్టకూడదు కాబట్టి. చెయ్యి విరిగితే కదలకుండా కట్టేస్తాం. ఛాతీని కదలకుండా కడితే ఊపిరి ఎలా తీసుకుంటుంది? విరిగిన పక్కటెముకలు చుట్టూ ఉన్న కండరాల ఆసరాతో వాటంతట అవే అతుక్కుంటాయి. వాటికి కావాల్సింది నొప్పి తగ్గించడం. నొప్పితో ఉన్న కుక్క పైపైన ఊపిరి తీస్తుంది, దగ్గదు, ఊపిరితిత్తి సరిగా విచ్చుకోదు. అందుకే విరిగిన చోట, దానికి ముందూ వెనకా ఉన్న పక్కటెముకల నరాలకు మొద్దుబారే ఇంజెక్షన్ ఇవ్వడం నా దృష్టిలో ఎంతో విలువైన చికిత్స. ఇచ్చిన అరగంటలో ఊపిరి తీరు మారిపోవడం చూస్తాం. దాంతోపాటు మార్ఫిన్ జాతి మందులు. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం ఇంట్లో ఉన్నాయి కదా అని వేయకండి. ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కుక్కలకు విషంగా మారగలవు.

పక్కపక్కనే ఉన్న రెండు మూడు ఎముకలు ఒక్కోటి రెండేసి చోట్ల విరిగితే ఆ ముక్క మొత్తం వదులై, ఊపిరి పీల్చినప్పుడు లోపలికి, వదిలినప్పుడు బయటికి కొట్టుకుంటుంది. చూడటానికి భయంకరంగా ఉంటుంది. పూర్వం దాన్ని చూడగానే చట్రం కట్టి ఎముకలను బిగించాలనే వారు. ఇప్పుడు మాకు తెలిసింది ఏమిటంటే, ఊపిరి ఆడకపోవడానికి కారణం ఎక్కువగా ఆ వదులు ముక్క కాదు, దాని కింద కమిలిన ఊపిరితిత్తి, ఆ పైన నొప్పి. చాలాసార్లు ఆ వైపు కిందకు ఉండేలా పడుకోబెడితేనే కదలిక తగ్గుతుంది. కుక్క తనకు తానుగా వేరేలా కూర్చుంటే బలవంతం చేయకండి, దానికి హాయిగా ఉన్న భంగిమ దానికే తెలుసు. విరిగిన మొన లోపలికి గుచ్చుకుంటుంటేనో, వేరే కారణంతో ఛాతీ ఎలాగూ తెరుస్తుంటేనో ఎముకలను కూడా సరిచేస్తాం.

ఆగడానికి ఇంకో కారణం గుండె. ఛాతీకి గట్టి దెబ్బ తగిలిన కుక్కల్లో గుండె లయ తప్పడం ప్రమాదం జరిగిన వెంటనే కాకుండా 12 నుంచి 48 గంటల మధ్య బయటపడుతుంది. మొదటి ఈసీజీ బాగుందని నిశ్చింతగా మత్తు ఇస్తే మధ్యలో ప్రమాదం ఎదురుకావచ్చు. చాలావరకు కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, కొన్నింటికి లయను సరిచేసే లిడోకైన్ అనే మందు ఇవ్వాల్సి వస్తుంది. కాలు విరిగి ఉంటే దాని ఆపరేషన్ కూడా అందుకే రెండు మూడు రోజులు ఆపుతాం.

ఇక ఎప్పుడు ఆగకూడదు? ఇక్కడ నా ధోరణి పూర్తిగా మారిపోతుంది.

కుక్క కాటు. నన్నడిగితే ఛాతీ గాయాల్లో అన్నిటికన్నా మోసం చేసేది ఇదే. పెద్ద కుక్క చిన్న కుక్కను ఛాతీ దగ్గర పట్టుకుని విదిలిస్తుంది. చర్మం వదులుగా ఉంటుంది, పంటితోపాటు సాగి తిరిగి వస్తుంది. కింద ఉన్న కండరం అలా సాగదు, చిరుగుతుంది. బయట కనిపించేవి రెండు చిన్న గాట్లు, లోపల పక్కటెముకల మధ్య కండరమంతా ఊడి ఉంటుంది. మూడు కిలోల కుక్కను ఒకసారి తెచ్చారు. ‘గాటుకు మందు రాసి పంపండి’ అన్నారు. చేత్తో తడిమితే చర్మం కింద కరకరమంది, అంటే గాలి చేరింది. బొచ్చు గొరిగి చర్మం తెరిస్తే రెండు పక్కటెముకల మధ్య నా బొటనవేలు పట్టేంత సందు, అందులోంచి ఊపిరితిత్తి ఉబ్బుతూ కనిపించింది. అంతవరకు చర్మమే మూతలా ఆపింది. చర్మం కుట్టి పంపేసి ఉంటే తెల్లారేది కాదు.

కాబట్టి ఛాతీ మీద కాటు ఉండి, దానితోపాటు లోపల గాలి గానీ, విరిగిన ఎముక గానీ, వదులుగా కొట్టుకునే భాగం గానీ ఉంటే నేను తెరిచి చూస్తాను. ఊపిరి కుదుటపడేదాకా కొన్ని గంటలు ఆగుతాను గానీ రోజులు ఆగను. పళ్లతోపాటు నోటి సూక్ష్మజీవులు, బొచ్చు, మట్టి లోపలికి పోతాయి. అక్కడ చీము పట్టిందంటే ఛాతీ మొత్తం చీముగూడు అవుతుంది. చచ్చిన కండరం తీసేసి, బోలెడంత సెలైన్‌తో కడిగి, ఏ సూక్ష్మజీవి చేరిందో తెలుసుకోవడానికి కొంత ముక్క కల్చర్ పరీక్షకు పంపి, యాంటీబయాటిక్ మొదలుపెడతాం. ఇలాంటి మురికి గాయంలో ప్లాస్టిక్ జాలీ పెట్టి సందు మూయడం నాకిష్టం ఉండదు, అది చీముకు ఇల్లవుతుంది. వీపు పక్కన ఉండే వెడల్పాటి కండరాన్ని తిప్పి ఆ ఖాళీ మీద పరిస్తే బతికున్న మూత దొరుకుతుంది, రక్తప్రసారం ఉంటుంది, త్వరగా మానుతుంది. కరిచిన కుక్కకు రేబిస్ టీకా ఉందో లేదో తెలియకపోతే ఆ సంగతి కూడా అదే రోజు తేల్చుకోవాలి.

గుచ్చుకున్న కర్ర, ఇనుప చువ్వ. పీకకండి. ఒక్కోసారి రక్తనాళంలో దిగి దాన్ని అదే మూసి ఉంచుతుంది. బయటికి ఉన్న భాగం ఊగకుండా పట్టి, మరీ పొడుగ్గా ఉంటే కదలకుండా కోసి, అలాగే తీసుకురండి. ఆపరేషన్ బల్ల మీద, ఛాతీ తెరిచి, కళ్లతో చూస్తూ తీయాలి. తెరిచి ఉన్న గాయంలోంచి గాలి బుస్సుమని పోతుంటే శుభ్రమైన, గాలి దూరని దేనితోనైనా కప్పి తీసుకురండి. దారిలో ఊపిరి ఇంకా కష్టమైతే ఆ కప్పు ఒక అంచు కాసేపు ఎత్తాలి.

డయాఫ్రమ్ చిరగడం. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు తెర ఇది. బండి పొట్ట మీద గుద్దినప్పుడు లోపలి ఒత్తిడికి చిరుగుతుంది, కాలేయమో పేగులో పైకి జారతాయి. మీ వైద్యులను తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇదే: డయాఫ్రమ్ గీత ఎక్స్‌రేలో రెండు వైపులా స్పష్టంగా కనిపిస్తోందా? ఛాతీలో నీరో రక్తమో ఉంటే ఆ గీత మరుగున పడుతుంది, అప్పుడు అల్ట్రాసౌండ్ చేయాలి. ఇది మందులతో మానేది కాదు, కుట్టాల్సిందే. అయినా ప్రతిసారీ అర్ధరాత్రి పరుగెత్తక్కర్లేదు. కుక్క కుదుటపడ్డాక, ఒకటి రెండు రోజుల్లో అనుభవం ఉన్న బృందంతో చేస్తే మేలు. ఒక్క మినహాయింపు, జీర్ణాశయం ఛాతీలోకి జారితే అది గాలితో ఉబ్బి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. అప్పుడు గడియారం చూడం.

ఈ ఆపరేషన్ పొట్ట మధ్య గీత వెంబడి కోసి చేస్తాం. పొట్ట తెరవగానే బయటి గాలి చిరుగులోంచి ఛాతీలోకి పోతుంది, కాబట్టి మొదటి కోతకు ముందే ఊపిరి బాధ్యత మత్తువైద్యులు తీసుకోవాలి. చిరిగి వారాలు గడిచిన కుక్కల్లో ఇంకో చిక్కు ఉంది. ఆర్నెల్ల క్రితం బండి గుద్దిందని, ఈ మధ్య ఆయాసపడుతోందని ఒక కుక్కను తెచ్చారు. కాలేయం సగం ఛాతీలోనే కాపురం పెట్టింది, ఊపిరితిత్తి ఒక భాగం అప్పడంలా నలిగి ఉంది. అలాంటి ఊపిరితిత్తిని ఆనందంగా ఒక్కసారి ఉబ్బించామా, గంటల్లో నీరు నిండుతుంది. ఊపిరితిత్తుల్లోకి గాలి కొట్టే ఒత్తిడి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడిని దాటకుండా చూసి, మిగిలిన గాలిని గొట్టంతో చాలా గంటలపాటు కొద్దికొద్దిగా తీస్తాం. తొందర పనికిరాదు.

రక్తస్రావం సంగతి రెండు ముక్కల్లో. దెబ్బతో ఛాతీలో చేరిన రక్తం చాలావరకు ఆగిపోయి, తిరిగి ఒంట్లోకి ఇంకిపోతుంది. ఊపిరికి అడ్డం వచ్చినంత మాత్రమే తీయాలి. ఛాతీలో కాసేపు ఉన్న రక్తం సిరంజిలో గడ్డకట్టదు, గబగబా గడ్డకట్టిందంటే సూది నాళంలో దిగిందనో, రక్తం అప్పుడే కారుతోందనో అనుమానించాలి. రక్తం ఎక్కించినా కుక్క నిలదొక్కుకోకపోతే, తీసేకొద్దీ వస్తుంటే, తెరవాలి.

మీ కుక్కకు గాలి ఆగక ఆపరేషన్ వరకు వెళ్లిందే అనుకుందాం. చిల్లు ఏ వైపో తెలిస్తే ఆ వైపు పక్కటెముకల మధ్యగా తెరుస్తాం. తెలియకపోతే, రెండు వైపులా చూడాల్సి వస్తే, రొమ్ము ఎముక మధ్యగా. చిరిగిన భాగం చిన్నదైతే కుట్టేస్తాం, లేదా ఆ కొసను ఆపరేషన్ స్టేప్లర్‌తో మూసి కత్తిరిస్తాం. మరీ పాడైతే ఆ లంబికను, అంటే ఊపిరితిత్తిలో ఆ భాగాన్ని, పూర్తిగా తీసేస్తాం. ఆరోగ్యంగా ఉన్న కుక్క మొత్తం ఊపిరితిత్తుల్లో సగం దాకా పోయినా తట్టుకుంటుంది, కాబట్టి ‘ఒక భాగం తీసేశాం’ అనే మాటకు బెదిరిపోకండి. మిగిలినది కమిలి లేకపోవడం ముఖ్యం, ఆగమన్నది అందుకు కూడా.

ఆపరేషన్ తర్వాత గొట్టం కొన్ని రోజులు ఉంటుంది. గాలి పూర్తిగా ఆగి, రోజుకు వచ్చే నీరు కిలో బరువుకు 2 మిల్లీలీటర్ల ప్రాంతానికి తగ్గాక తీస్తాం, మీ కుక్కకైతే 32 మిల్లీలీటర్లన్నమాట. సున్నా అయ్యేదాకా ఆగరేమని అడగకండి, గొట్టం ఉన్నందువల్లే కొంత నీరు ఊరుతుంది. గొట్టం ఉన్నన్నాళ్లూ కుక్కను ఒంటరిగా వదలకూడదు, నోరు గొట్టానికి అందకుండా మెడ చుట్టూ గరాటులాంటి కాలర్ తప్పనిసరి. గొట్టాన్ని కొరికి తెంచుకుంటే ఛాతీలోకి నేరుగా గాలి పోతుంది.

ప్రస్తుతానికి మీరు చేయగలిగింది ఇది. ఈ రోజు, రేపు దాన్ని ఆస్పత్రిలోనే ఉండనివ్వండి. చూడటానికి వెళ్తే అది మిమ్మల్ని చూసి ఎగరకుండా చూసుకోండి. అది మరీ ఉత్సాహపడే రకమైతే రెండు రోజులు వెళ్లకపోవడమే మంచిది. ఎన్నిసార్లు గాలి తీశారు, ప్రతిసారీ ఎంత వచ్చింది, డయాఫ్రమ్ బాగుందా, ఈసీజీ మళ్లీ తీశారా అని అడగండి. ఎత్తాల్సి వస్తే ఛాతీ చుట్టూ చేతులు వేసి ఎత్తకండి, గట్టి పలక మీదికో, దుప్పటి మీదికో జరిపి మోయండి.

ఇంటికి పంపాక రోజూ అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాసుకోండి. 30 లోపు ఉంటే సరే. మళ్లీ లెక్కపెట్టినా 30 దాటుతుంటే ఫోన్ చేయండి. మోచేతులు ఎడంగా పెట్టి మెడ చాచి కూర్చుంటే, పడుకోవడానికి ఒప్పుకోకపోతే, చిగుళ్లు పాలిపోయినా నీలంగా మారినా ఫోన్ చేస్తూ కూర్చోకుండా బయలుదేరండి. పరుగులు, మెట్లు, మంచం మీదికి దూకడం నాలుగు వారాలు మాన్పించాలి. పదో రోజుకే అది మామూలుగా అయిపోయానని మీతో వాదిస్తుంది, లొంగకండి.

రెండో రోజు ఎక్స్‌రే వచ్చాక ఎంత గాలి తీశారో ఆ లెక్కతో సహా ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.